టోరెంట్ దూసుకుపోతోంది, బావమరిదికి ఫైలు మాత్రం చేరట్లేదు

ప్రశ్న: నమస్తే సర్. మాది విజయవాడ గవర్నర్‌పేటలో ఫోటో స్టూడియో. పెళ్లి వీడియోలు మేం తీస్తాం, ఎడిటింగ్ గుంటూరు అరండల్‌పేటలో మా బావమరిది చేస్తాడు. ఇదివరకు ఎవరో ఒకరు హార్డ్‌డిస్క్ పట్టుకుని బస్సెక్కేవాళ్లు. మాఘమాసం ముహూర్తాల్లో ఆ తిరుగుడు పడలేక, తెలిసినవాళ్లు చెబితే రెండు చోట్లా సింక్‌థింగ్ (నెట్ ద్వారా సిస్టమ్‌ల మధ్య ఫైళ్లను నేరుగా పంపే సాఫ్ట్‌వేర్) వేశాం. స్టూడియోలో రెండు సిస్టమ్‌ల మధ్య ఫైళ్లు చకచకా వెళ్తున్నాయి. గుంటూరుకు మాత్రం సగంసార్లు ‘డిస్‌కనెక్టెడ్’ అనే చూపిస్తుంది. కనెక్ట్ అయినా స్పీడు సెకనుకు 400 కేబీ దాటదు. రెండు వైపులా 100 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లానే. యూట్యూబ్ చూసి రౌటర్లో 22000 పోర్ట్ ఫార్వర్డ్ చేశాను. విండోస్ ఫైర్‌వాల్ పూర్తిగా ఆపేశాను. కేబుల్ ఆయన వచ్చి స్పీడ్ టెస్ట్ పెట్టి ‘నెట్ ఫుల్లుగా వస్తోంది కదండీ, మీ సాఫ్ట్‌వేరే ఏదో తేడా’ అని వెళ్లిపోయాడు. విచిత్రం ఏమిటంటే, అదే సిస్టమ్‌లో మా కుర్రాడు ఉబుంటు (ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) టోరెంట్ పెడితే ఫుల్ స్పీడులో దిగింది. మరి ఇదెందుకు వెళ్లదు? మా ఆవిడేమో ‘మా తమ్ముడి నెట్ మీదకు నెపం తోయకండి’ అంటోంది. సింక్‌థింగ్ స్క్రీన్, రౌటర్ స్టేటస్ పేజీ ఫోటోలు తీసి పంపుతున్నాను.

— ఒక స్టూడియో యజమాని, విజయవాడ

సమాధానం: ముందు ఆ ఫైర్‌వాల్ ఆన్ చేసి రండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. దాన్ని ఆపేశాక కూడా గుంటూరుకు ఫైళ్లు నత్తనడకనే వెళ్తున్నాయి. అంటే ఫైర్‌వాల్ మీకు అడ్డం పడలేదు. దాన్ని ఆపడం వల్ల ఒరిగిందేమీ లేదు, కస్టమర్ల పెళ్లి ఫోటోలున్న సిస్టమ్ తలుపులు బార్లా తీసి పెట్టడం తప్ప. ఆన్ చేశాక, అనుమతించిన ప్రోగ్రాముల జాబితాలో సింక్‌థింగ్ ఉందో లేదో చూడండి. మీ నెట్‌వర్క్ ‘పబ్లిక్’ అని ఉంటే ‘ప్రైవేట్’గా మార్చండి. ఫైర్‌వాల్ సంగతి అంతే.

ఇక మీ ఫోటోలు. చాలామంది ‘కనెక్ట్ అవ్వట్లేదు, ఏం చేయమంటారు’ అని ఒక్క లైను రాసి ఊరుకుంటారు. మీరు పంపిన రెండు ఫోటోల్లో సగం జవాబు ఉంది.

మొదటిది సింక్‌థింగ్ స్క్రీన్. గుంటూరు సిస్టమ్ పేరు మీద నొక్కి వివరాలు తెరిచారు. అందులో ‘కనెక్షన్ టైప్’ ఎదురుగా ‘రిలే వ్యాన్’ అని ఉంది. మీరు దాన్ని పట్టించుకున్నట్టు లేరు గానీ, ఈ స్క్రీన్ మొత్తంలో అసలు విషయం చెప్పే లైను అదే. అక్కడ ‘టీసీపీ వ్యాన్’ అనో ‘క్విక్ వ్యాన్’ అనో ఉంటే మీ సిస్టమ్, బావమరిది సిస్టమ్ నేరుగా మాట్లాడుకుంటున్నట్టు. ‘రిలే’ అని ఉంటే నేరుగా దారి దొరకలేదు కాబట్టి ఎక్కడో ఉన్న మూడో కంప్యూటర్ మీదుగా తిరిగి వెళ్తున్నట్టు. ఆ రిలేలను ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న వాలంటీర్లు సొంత ఖర్చుతో ఉచితంగా నడుపుతుంటారు. వాళ్ల బ్యాండ్‌విడ్త్ అయిపోకుండా ఒక్కొక్కరికి ఇంత స్పీడే అని పరిమితి పెట్టుకుంటారు. మీ 400 కేబీ అక్కడి నుంచి వచ్చిందే. మధ్యలో వాళ్లెవరూ మీ వీడియోలు చూడలేరు లెండి. ఫైళ్లకు మీ దగ్గర తాళం పడి (ఎన్‌క్రిప్ట్ అయి), గుంటూరులోనే ఆ తాళం విడుతుంది, ఆ భయం అక్కర్లేదు.

ఆ స్పీడుతో మీ పని జరుగుతుందా అంటే, లెక్క వేసుకుందాం. ఒక పెళ్లికి 150 జీబీ ఫుటేజీ అనుకుంటే, సెకనుకు 400 కేబీ చొప్పున గుంటూరు చేరడానికి నాలుగు రోజులకు పైనే పడుతుంది. అదే ఫైళ్లు నేరుగా 100 ఎంబీపీఎస్ నిండుగా వెళ్తే మూడు గంటల ఇరవై నిమిషాలు. అయితే అది అప్‌లోడ్ కూడా 100 ఉంటేనే. ప్లాన్‌లో రాసింది డౌన్‌లోడ్ స్పీడు కావచ్చు. కేబుల్ ఆయన స్పీడ్ టెస్ట్ పెట్టినప్పుడు కింద రెండో అంకె ఒకటి వస్తుంది, మీకు ముఖ్యం అదే. అది 20 ఉంటే పదహారు గంటల పైమాట.

అదే ఫోటోలో ‘డిస్కవరీ 4/5’ అన్న చోట ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టి పంపారు. దానికి టెన్షన్ పడకండి. సిస్టమ్‌లు ఒకదాన్నొకటి వెతుక్కునే దారుల లెక్క అది. ఐపీవీ6 (కొత్త పద్ధతి ఇంటర్నెట్ అడ్రస్) లేని చోట అయిదింటిలో ఒకటి తగ్గి కనిపించడం మామూలే. మీ ఇద్దరి సిస్టమ్‌లూ ఒకదాన్నొకటి కనుక్కున్నాయి, డివైస్ ఐడీలు సరిపోయాయి, రెండు వైపులా ఒప్పుకున్నారు. ఇవన్నీ కుదిరితేనే రిలే దాకా వస్తుంది. కాబట్టి సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేసే కార్యక్రమం పెట్టుకోకండి. పాత సెట్టింగ్స్ కూడా పోతే ఐడీ మారిపోయి మళ్లీ మొదటికొస్తారు.

రెండో ఫోటో మీ రౌటర్ స్టేటస్ పేజీ. వ్యాన్ ఐపీ అడ్రస్ అన్నచోట 192.168.1.4 అని ఉంది. చూడగానే తెలిసిపోయింది, మీ పోర్ట్ ఫార్వర్డింగ్ ఎందుకు పనిచేయలేదో. 192.168తో మొదలయ్యేవి, 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకూ ఉన్నవి ఇంటి లోపల వాడుకోవడానికి 1996లోనే విడిగా పెట్టేసిన నంబర్లు. ఇవి బయటి ఇంటర్నెట్‌లో చెల్లవు. రౌటర్‌కు వ్యాన్ వైపు అంటే వీధి వైపు. వీధి వైపు కూడా ఇంటి నంబరే కనిపిస్తోందంటే, మీ రౌటర్ నేరుగా వీధిలో లేదు, ఇంకో డబ్బా వెనకాల ఉంది. కేబుల్ ఆయన ఫైబర్ లాగి గోడకు బిగించిన తెల్ల డబ్బా ఒకటి ఉంటుంది చూడండి, అదే. అదీ ఒక రౌటరే. బహుశా వెనక గదికి వైఫై అందక మీరు బజార్లో ఇంకో రౌటర్ కొని దానికి తగిలించి ఉంటారు. మీరు పోర్ట్ తెరిచింది లోపలి డబ్బాలో. బయటి డబ్బాకు ఆ సంగతి తెలియదు. ఒకే బయటి అడ్రస్‌ను లోపలి సిస్టమ్‌లన్నింటికీ పంచే పనిని నాట్ అంటారు, ఇలా రెండు డబ్బాలూ అదే పని చేస్తే డబుల్ నాట్. సింక్‌థింగ్ యూపీఎన్‌పీ అనే పద్ధతిలో రౌటర్‌ను అడిగి తనంతట తాను పోర్ట్ తెరవడానికి ప్రయత్నిస్తుంది కూడా, కానీ అదీ లోపలి డబ్బా దగ్గరే ఆగిపోతుంది.

ఇప్పుడు మీ కుర్రాడి టోరెంట్ సంగతికి వద్దాం. నిజానికి మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన ప్రశ్న అది. చాలామంది దాన్ని చూసే ‘నెట్ బాగానే ఉంది’ అన్న నిర్ణయానికి వచ్చేస్తారు.

వెనకటికి ఊళ్లల్లో ఇంటి నంబర్లు సరిగా లేనివాళ్లు ఉత్తరాలు కిరాణా కొట్టు కేరాఫ్ తెప్పించుకునేవాళ్లు. నాట్ చేసే పని ఆ కొట్టాయన పనే. మీరు బయటికి ఉత్తరం రాస్తే ఎవరికి రాశారో ఆయన పుస్తకంలో రాసిపెట్టుకుంటాడు, జవాబు రాగానే మీకు అందజేస్తాడు. కానీ మీరు రాయకుండా, ఎవరో కొత్తవాళ్లు కొట్టు అడ్రస్‌కు ఒక ఉత్తరం పడేస్తే, పైన మీ పేరు లేకపోతే, అది ఎవరిదో ఆయనకు తెలియదు. పక్కన పడేస్తాడు. అంటే మీ వైపు నుంచి బయటికి వెళ్లే కనెక్షన్లన్నీ చక్కగా వెళ్తాయి, బయటి నుంచి ముందుగా వచ్చేవి మాత్రం గడప దాటవు. పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే ‘22000 అని రాసి ఉన్న ఉత్తరం ఏదొచ్చినా నాదే, నాకివ్వు’ అని కొట్టాయనకు ముందే చెప్పి పెట్టడం.

టోరెంట్‌లో ఒక ఫైలుకు వందల మంది ఉంటారు. వాళ్లలో ఎంతోమందికి తలుపులు తెరిచే ఉంటాయి. మీ సిస్టమే వాళ్ల దగ్గరకు వెళ్లి తెచ్చుకుంటుంది, మీ తలుపు మూసి ఉన్నా దిగుమతి ఆగదు. ఉబుంటు లాంటి వాటికైతే పెద్ద పెద్ద సర్వర్లే సీడ్ చేస్తుంటాయి, అంటే ఫైలు పంచుతుంటాయి. టోరెంట్‌కు క్యూబిట్‌టోరెంట్ అనే ప్రోగ్రాం వాడుతుంటే కింద చిన్న గుర్తు చూడండి, పసుపు మంట బొమ్మ ఉంటే ‘బయటి నుంచి నిన్నెవరూ చేరలేకపోతున్నారు’ అని అర్థం. మీ దాంట్లో అదే ఉండి ఉంటుంది, ఫైలు దిగిపోయింది కాబట్టి ఎవరూ గమనించరు. సింక్‌థింగ్‌లో ఉన్నది మీరూ, బావమరిదీ ఇద్దరే. మీ తలుపు మూసి ఉంది, ఆయన తలుపూ మూసి ఉంది. ఇద్దరూ ఎదుటివాళ్ల తలుపు కొడుతూనే ఉన్నారు, తీసేవాళ్లు లేరు.

ఇందులోనే మీకు ఒక శుభవార్త ఉంది. రెండు తలుపులూ తెరవక్కర్లేదు, ఒక్కటి తెరిస్తే చాలు. ఎటు వైపు తెరిచినా ఫైళ్లు రెండు దిక్కులా వెళ్తాయి. మీరు ఇన్నాళ్లూ విజయవాడ రౌటర్ తోనే కుస్తీ పట్టారు. గుంటూరు వైపు ఏముందో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. మీ ఆవిడ మాట విని అటు చూడటం మానేసినట్టున్నారు. నెపం వేయమని నేనూ అనను. కానీ పరిష్కారం ఆయన దగ్గరే సులువుగా దొరకొచ్చు. ఆయన ఇంట్లో ఒకటే డబ్బా ఉండి, దానికి అసలైన పబ్లిక్ ఐపీ (బయటి ఇంటర్నెట్‌లో చెల్లే నంబరు) ఉంటే, పని అక్కడ పది నిమిషాల్లో అయిపోతుంది. విజయవాడలో ఏదీ ముట్టుకోనక్కర్లేదు.

కాబట్టి ఇవాళ సాయంత్రం బావమరిదికి ఫోన్ చేసి, ఆయన రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ ఎంతుందో చూడమనండి. అప్పుడే ‘నా ఐపీ ఎంత’ అని చూపించే వెబ్‌సైట్ ఏదైనా తెరిచి అందులో వచ్చే నంబరు కూడా రాసుకోమనండి. రెండూ ఒకటే అయితే పంట పండినట్టే. ఈలోపు మీరు ఇక్కడ తెల్ల డబ్బాలోకి లాగిన్ అయి అదే పని చేయండి. డబ్బా అడుగున అంటించిన స్టిక్కర్ మీద అడ్రస్, పాస్‌వర్డ్ ఉంటాయి. కేబుల్ వాళ్లు పాస్‌వర్డ్ మార్చేసి ఉంటే వాళ్లనే అడగాలి.

నంబర్లు రెండూ వేరువేరుగా ఉండి, రౌటర్‌లోది 100.64 నుంచి 100.127 మధ్యలో ఏదైనా అయితే, అది సీజీ నాట్. కొందరు ఆపరేటర్లు 10తో మొదలయ్యేవి కూడా ఇస్తారు, ఫలితం ఒకటే. మీ ఇంట్లో ఉన్న కొట్టాయన కాక, ఊరి మొత్తానికి కేబుల్ కంపెనీ దగ్గర ఇంకో పెద్ద కొట్టాయన ఉన్నాడన్నమాట. ఇది వాళ్లు చేస్తున్న మోసమేమీ కాదు. పాత పద్ధతి ఐపీ అడ్రస్‌లు మొత్తం 429 కోట్లే. ప్రపంచ స్థాయిలో పంచడానికి ఉన్న చివరి కట్టలు 2011 ఫిబ్రవరిలో ఇచ్చేశారు. ఆసియాకు ఇచ్చే సంస్థ దగ్గర అదే ఏడాది ఏప్రిల్ నుంచి రేషన్ మొదలైంది. ఆ తర్వాత వ్యాపారంలోకి వచ్చిన ఆపరేటర్ ఇంటికొక అడ్రస్ ఎక్కడి నుంచి తెస్తాడు? అందుకే ఒక్కో అడ్రస్ వెనక చాలా ఇళ్లను కూర్చోబెడతారు. 100.64తో మొదలయ్యే ఈ 42 లక్షల నంబర్లను సరిగ్గా ఇందుకోసమే 2012లో కేటాయించారు. సీజీ నాట్ వెనకాల ఉన్నప్పుడు మీ ఇంట్లో ఎన్ని డబ్బాల్లో ఎన్ని పోర్టులు తెరిచినా దండగ. ఆ పెద్ద కొట్టాయన మీ మాట వినడు. యూట్యూబ్ వీడియోల్లో ఈ ముక్క చెప్పరు. అమెరికాలో కూర్చుని చేసిన వీడియోలో ఆయన ఇంటికి పబ్లిక్ ఐపీ ఉంటుంది, ఆయనకు పనిచేస్తుంది.

మరి మీ తెల్ల డబ్బాలో పబ్లిక్ ఐపీ కనిపిస్తే? అప్పుడు డబుల్ నాట్ ఒక్కటే సమస్య, తీర్చడం తేలిక. బజార్లో కొన్న రౌటర్‌ను ‘యాక్సెస్ పాయింట్’ మోడ్‌లోకి మార్చండి. వైఫై ఇస్తుంది, అడ్రస్‌ల పెత్తనం మాత్రం తెల్ల డబ్బాకు వదిలేస్తుంది. ఆ తర్వాత తెల్ల డబ్బాలో 22000 పోర్ట్‌ను టీసీపీ, యూడీపీ (డేటా పంపే రెండు పద్ధతులు) రెండింటికీ ఫార్వర్డ్ చేయండి. మీరు టీసీపీ ఒక్కటే పెట్టి ఉండొచ్చు. క్విక్ పద్ధతి యూడీపీ మీద నడుస్తుంది కాబట్టి రెండూ కావాలి. కేబుల్ ఆయనతో తెల్ల డబ్బాను ‘బ్రిడ్జ్ మోడ్’లో పెట్టించుకుని, అడ్రస్‌ల పెత్తనం మీ రౌటర్‌కే ఇచ్చే దారి కూడా ఉంది. కాకపోతే ల్యాండ్‌లైనో, టీవీ బాక్సో దానికే తగిలించి ఉంటే అవి ఆగిపోవచ్చు. ముందే అడగండి.

ఫార్వర్డ్ చేసేటప్పుడు ఒక చిక్కు ఉంది. మీరు పోర్ట్‌ను సిస్టమ్ తాలూకు లోపలి ఐపీకి, అంటే 192.168.1.5 లాంటి దానికి పంపుతారు. సాయంత్రం కరెంటు పోయి వస్తుంది. డబ్బా మళ్లీ లేచి అడ్రస్‌లు కొత్తగా పంచుతుంది. ఆ 5 నంబరు ఈసారి ఫోటో ప్రింటర్‌కు వెళ్తుంది, మీ సిస్టమ్‌కు 9 వస్తుంది. పోర్ట్ మాత్రం 5కే వెళ్తుంటుంది. ‘నిన్నటిదాకా పనిచేసిందండీ, నేనేమీ ముట్టుకోలేదు’ అనే ఫిర్యాదుల్లో చాలా వాటి వెనక ఉన్నది ఇదే. రౌటర్‌లో ‘డీహెచ్‌సీపీ రిజర్వేషన్’ అని ఉంటుంది, అక్కడ మీ ఎడిటింగ్ సిస్టమ్‌కు ఒక నంబరు శాశ్వతంగా రాసేయండి. వైఫైలో కాకుండా కేబుల్‌తో కలిపితే ఇంకా నయం.

పోర్ట్ తెరుచుకుందో లేదో చూసే వెబ్‌సైట్లు ఉన్నాయి. అవి వాడేటప్పుడు సింక్‌థింగ్ నడుస్తూ ఉండాలి. ప్రోగ్రాం మూసేసి పరీక్షిస్తే ‘క్లోజ్డ్’ అనే వస్తుంది, ఎందుకంటే వినేవాళ్లు లేరు కదా. ఇవి సాధారణంగా టీసీపీ ఒక్కటే చూస్తాయన్నది కూడా గుర్తుంచుకోండి. స్టూడియో వైఫైలోనే కూర్చుని మీ పబ్లిక్ ఐపీని మీరే కొట్టి చూసి పనిచేయలేదనుకోవడం ఇంకో పొరపాటు. చాలా రౌటర్లు లోపలి నుంచి బయటికి వెళ్లి మళ్లీ లోపలికి రానివ్వవు. ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా ఆన్ చేసి దాంతో చూడండి. 22000 తప్ప ఇంకేదీ తెరవకండి. సింక్‌థింగ్ కంట్రోల్ పేజీ ఉండే 8384ను గానీ, విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ 3389ను గానీ ‘ఎందుకైనా మంచిది’ అని తెరిచారంటే దొంగకు తాళం ఇచ్చినట్టే. రౌటర్ పాస్‌వర్డ్ ఇంకా ‘అడ్మిన్’ అనే ఉంటే అదీ మార్చండి.

రెండు వైపులా సీజీ నాట్ అని తేలిందనుకోండి. గుంటూరు, విజయవాడల్లో ఇళ్లకిచ్చే కేబుల్ నెట్‌లో అలా తేలితే నేనేం ఆశ్చర్యపోను. అప్పుడు నా సలహా సూటిగా చెబుతున్నా: ఒక వైపు స్టాటిక్ ఐపీ (మారని పబ్లిక్ ఐపీ) తీసుకోండి. స్టూడియో వ్యాపార కనెక్షన్ కాబట్టి మీ వైపే మేలు. నిజానికి మీకు స్టాటిక్ అక్కర్లేదు, రోజూ మారే పబ్లిక్ ఐపీ అయినా సరిపోతుంది. సింక్‌థింగ్ తన కొత్త అడ్రస్‌ను ఎప్పటికప్పుడు డిస్కవరీ సర్వర్‌కు చెప్పుకుంటుంది. కానీ కేబుల్ ఆఫీసులో ‘స్టాటిక్ ఐపీ కావాలి’ అంటేనే వెంటనే అర్థమవుతుంది. నెలకు కొంత అదనంగా అడుగుతారు. ఇచ్చే ముందు ‘బయటి నుంచి పోర్టులు తెరుచుకుంటాయా’ అని ఒక్క మాట అడిగి తీసుకోండి.

డబ్బు పెట్టే ముందు ఐపీవీ6 చూడండి. ఇది ఉచితం. కొత్త పద్ధతి అడ్రస్‌లు అయిపోయేవి కావు, ప్రతి సిస్టమ్‌కూ సొంతంగా ఒకటి ఉంటుంది, కొట్టాయనతో పని లేదు. రెండు వైపులా సిస్టమ్‌కు 2 అంకెతో మొదలయ్యే పొడవాటి ఐపీవీ6 అడ్రస్ ఉందేమో చూడండి. ఎఫ్‌ఈ80తో మొదలయ్యేది ఉంటే అది లెక్కలోకి రాదు, అది గదిలోపలి వరకే. చాలాసార్లు ఆపరేటర్ ఇస్తూనే ఉంటాడు, డబ్బాలోనే ఐపీవీ6 ఆఫ్ చేసి ఉంటుంది. ఆన్ చేశాక రౌటర్‌లోని ఐపీవీ6 ఫైర్‌వాల్‌లో కూడా 22000కు అనుమతి ఇవ్వాలి. ఇక్కడ మాత్రం ఇద్దరికీ ఉండాలి, ఒక్కరికే ఉంటే కుదరదు.

దూరంగా ఉన్న సిస్టమ్‌లను ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నట్టు కలిపే టెయిల్‌స్కేల్, జీరోటైర్ లాంటి సాఫ్ట్‌వేర్లు వేసుకోమని ఎవరైనా చెబుతారు. వేసి చూడటంలో నష్టం లేదు. ఇద్దరి చేతా ఒకేసారి బయటికి ఉత్తరం రాయించి, ఇద్దరు కొట్టాయనల పుస్తకాల్లోనూ పేరు ఎక్కించే కిటుకు వాటికి బాగా వచ్చు. నాట్ కాస్త మెతకగా ఉంటే దారి దొరుకుతుంది. సింక్‌థింగ్ కూడా యూడీపీలో అదే ప్రయత్నం చేస్తుంది. ‘యాక్షన్స్’లో ‘లాగ్స్’ తెరిస్తే మీ నాట్ ఏ రకమో ఒక లైను కనిపిస్తుంది. అక్కడ ‘సిమెట్రిక్ నాట్’ అని ఉంటే ఆశ పెట్టుకోకండి. ప్రతి కొత్త గమ్యానికీ బయటి పోర్ట్ నంబరు మార్చేసే రకం అది. రెండు వైపులా అదే రకమైతే టెయిల్‌స్కేల్ అయినా చివరకు చాలాసార్లు తన సొంత రిలే మీదుగానే పంపుతుంది. అన్నట్టు, అది వేసుకున్నాక సిస్టమ్‌లో 100తో మొదలయ్యే ఐపీ ఒకటి కనిపిస్తుంది. దాన్ని చూసి సీజీ నాట్ అనుకోకండి. మీరు చూడాల్సింది ఎప్పుడూ రౌటర్ పేజీలోని నంబరే.

ఇక ‘సగంసార్లు డిస్‌కనెక్టెడ్’ అన్నారు. దానికి పైన చెప్పిన వాటితో సంబంధం లేకపోవచ్చు. ఈ పద్ధతిలో మధ్యలో దాచిపెట్టే సర్వర్ ఉండదు. గూగుల్ డ్రైవ్‌లా మీరు రాత్రి ఎక్కిస్తే ఆయన పొద్దున దించుకోవడం కుదరదు. రెండు సిస్టమ్‌లూ ఒకేసారి ఆన్‌లో ఉండాలి. మీరు షూట్ నుంచి వచ్చి రాత్రి పదకొండింటికి కార్డులు కాపీ చేసి, సింక్ పెట్టి ఇంటికి వెళ్తారు. ఆయన తొమ్మిదింటికే షట్‌డౌన్ చేసి పడుకుని ఉంటారు. లేదా విండోస్ తనంతట తానే స్లీప్‌లోకి వెళ్లిపోయి ఉంటుంది. అదే స్క్రీన్‌లో ‘లాస్ట్ సీన్’ అని టైము చూపిస్తుంది, రెండు మూడు రోజులు దాన్ని గమనించండి. రోజూ ఒకే వేళకు ఆగుతోందంటే అది నెట్ సమస్య కాదు, నిద్ర సమస్య. రెండు వైపులా స్లీప్ ‘నెవర్’ అని పెట్టి, మానిటర్ మాత్రం ఆపుకోండి.

ఇవన్నీ అయ్యేలోపు ముహూర్తాలు ఆగవు కాబట్టి మధ్యేమార్గం ఒకటి చెబుతాను. ముడి ఫుటేజీ మొత్తాన్ని నెట్‌లో పంపాలని పట్టుబట్టకండి. విజయవాడ, గుంటూరు మధ్య దూరం ఎంతని? 150 జీబీ ఉన్న హార్డ్‌డిస్క్ మంగళగిరి మీదుగా బస్సులో గంట, గంటన్నరలో చేరిపోతుంది. ఆ స్పీడును మీ 100 ఎంబీపీఎస్ ప్లాన్ కూడా అందుకోలేదు. డిస్క్‌లోని ఫైళ్లను గుంటూరులో అవే పేర్లతో, అదే ఫోల్డర్ వరుసలో కాపీ చేసి, ఆ తర్వాత ఆ ఫోల్డర్‌ను సింక్‌థింగ్‌లో కలపండి. రెండు వైపులా ఫైళ్లను స్కాన్ చేసి, ఒకటేనని తెలుసుకుని, మళ్లీ పంపకుండా వదిలేస్తుంది. ఆపైన మారేవి ప్రాజెక్ట్ ఫైళ్లు, పాటలు, కస్టమర్‌కు చూపించే చిన్న కాపీలు. వాటికి రిలే స్పీడు అయినా చాలావరకు సరిపోతుంది. పెళ్లివాళ్లు అర్జెంటుగా అడిగే రెండు నిమిషాల టీజర్‌కైతే, కావాల్సిన క్లిప్‌లను చిన్న సైజు ప్రాక్సీలుగా మార్చి పంపితే ఆయన ఆ రాత్రే కోసేయగలరు.

ఒకటి మాత్రం ఈ రాత్రికే చేయండి. సింక్ అంటే బ్యాకప్ కాదు. కార్డులు ఖాళీ కావాలనో, డిస్క్ నిండిందనో మీరు ఇక్కడ ఫోల్డర్‌లో ఫైళ్లు చెరిపేస్తే గుంటూరులోనూ చెరిగిపోతాయి. నెట్ బాగుపడి డైరెక్ట్ కనెక్షన్ వచ్చాక ఇంకా త్వరగా చెరిగిపోతాయి. గుంటూరు వైపు ఆ ఫోల్డర్ సెట్టింగ్స్‌లో ‘ఫైల్ వెర్షనింగ్’ తెరిచి ‘ట్రాష్ క్యాన్’ ఎంచుకోమనండి. చెరిపినవి వెంటనే పోకుండా పక్కన ఉంటాయి. డిస్క్‌లో అందుకు జాగా ఉండాలి. ముడి ఫుటేజీ ఫోల్డర్‌ను మీ వైపు ‘సెండ్ ఓన్లీ’గా పెట్టండి, అక్కడ పొరపాటున ఏదైనా మార్చినా మీ దగ్గరున్న అసలు ఫైళ్లకు ఏమీ కాదు. గుంటూరు రౌటర్ నంబరు తెలిశాక రాయండి, అది ఏ రకమో చూసి చెబుతాను.